నేను అతికించని గాజు పట్టీలు

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. దొరల పాత గడీల్లో, సగం కూలిన మండపాల్లో కొలతలు తీయడం నా ఉద్యోగం. గబ్బిలాల కంపులో ఒక్కడినే గంటలకొద్దీ నిలబడ్డాను. ఒక్కనాడూ ఒళ్ళు జలదరించలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను చూసింది గోడకు అతికించి ఉన్న మూడు గాజు పట్టీలు, వాటి పక్కన నా చేతిరాత. అంతే.

కానీ ఇది చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది అందుకే.

జనగామలో స్టేషన్ రోడ్డు మీద ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. ఒక కట్టడం ఎంత బరువు మోస్తుంది, పాతదైతే ఇంకా ఎన్నాళ్ళు నిలుస్తుంది అని పరీక్షించి చెప్పడం మా పని. సుధాకర్ సార్ యజమాని. ఇంజినీర్లం ఆయనా నేనూ ఇద్దరమే. ఆ సంవత్సరం మాకు ఊపిరి ఆడలేదు. భూపాలపల్లిలో మా పర్యవేక్షణలో కొత్త క్వార్టర్లు లేస్తున్నాయి. ఘనపూర్ దగ్గర ఒక చిన్న రాతి మండపం, చిల్పూర్ వైపు ఒక పాత గడీ మా చేతిలో ఉన్నాయి. వాటితో పాటు మరిపెడ అవతల ఒక లంబాడీ తండాలోని బడి వచ్చింది.

ఆ బడి మొదట బడి కాదు. ఎప్పుడో ఎవరో దొర విడిది కోసం కట్టించిన రాతి ఇల్లు. సున్నం గోడలు, టేకు దూలాలు, మూడు గదులు. చివరి గదిలో వెనక గోడకు నిలువునా ఒక పగులు ఉంది. కిటికీ పైనుంచి మొదలై దూలం కూర్చున్న చోటు దాకా పోయింది. కూలగొట్టాలా, బాగుచేసి ఉంచాలా అన్నది మా రిపోర్టు మీద ఆధారపడి ఉంది. తండావాళ్ళకు కూలగొట్టడం ఇష్టం లేదు. వాళ్ళ తాతలు రాళ్ళు మోసి కట్టిన ఇల్లు అది.

పగులు పాతదైతే భయం లేదు. ఇంకా పెరుగుతుంటేనే భయం. అది తెలుసుకోవడానికి మేం పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీలు ప్లాస్టర్‌తో అతికించి, పక్కన తారీఖు రాస్తాం. గోడ వెంట్రుక వాసి కదిలినా గాజు పగులుతుంది. మొదటిసారి సార్‌తో కలిసి వెళ్ళినప్పుడు గాజు తీసుకుపోలేదు.

"వచ్చే వారం నువ్వు పోయి పెట్టిరా శ్రీనూ," అన్నారు సార్. "వానకాలమంత చూడాలె. నాలుగు సార్లు పోవాలె."

నేను వెళ్ళలేదు.

భూపాలపల్లిలో పని ఎక్కువగా ఉందన్నది నిజమే. కానీ వెళ్ళలేనంత పని కాదు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి అయిపోయేది. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ వానాకాలం గడిపేశాను. సార్ అడిగినప్పుడల్లా "పెట్టిన సార్, చూసిన సార్, మంచిగనే ఉంది," అన్నాను. ఆయన నమ్మారు. పదేళ్ళుగా నమ్ముతున్నారు.

బతుకమ్మ సెలవులకు ముందు రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది. ఒక సాయంత్రం ఆఫీసులో కూర్చుని నాలుగు తారీఖులు ఊహించి రాశాను. క్యాలెండర్ కూడా చూడలేదు. మొదటి తారీఖున మూడు చోట్ల గాజు అతికించినట్టు, తర్వాత మూడుసార్లు వెళ్ళి చూసినట్టు, గాజు చెక్కుచెదరనట్టు రాశాను. గోడలో కదలిక లేదు, మరమ్మతులు చేసి గదులు వాడుకోవచ్చు అని కింద ముగించాను.

సార్ చదివి సంతకం పెట్టబోతూ ఆగారు. "ఫోటోలేవి? రేపు పోయి గాజు ఫోటోలు తీసుకరా. పెట్టి పంపిద్దాం."

మరునాడు నేను ఆ తండాకు వెళ్ళింది ఎందుకో దాచకుండా చెప్తాను. నా సంచిలో మూడు గాజు పట్టీలు, ప్లాస్టర్ పొడి, మార్కర్ ఉన్నాయి. అప్పటికప్పుడు అతికించి, పాత తారీఖులు రాసి, ఫోటో తీసుకుని వచ్చేద్దామని వెళ్ళాను.

పదకొండు గంటలైంది. ముందురోజు కురిసిన వానకు బడి ముందు బురదగా ఉంది. స్వీపర్ మంగ్లి అరుగు మీద నీళ్ళు ఊడుస్తోంది. ఆ తండా మనిషే. అరవై దాటి ఉంటాయి. మొదటిసారి సార్‌తో వచ్చినప్పుడు ఆమెను చూశాను.

నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది. "మళ్ళొచ్చినవా సారూ? ఈసారి జర ఆలిశమైందేంది?"

నన్ను చూసి ఇంకెవరో అనుకుంటోందని పట్టించుకోలేదు. చివరి గదిలోకి వెళ్ళాను. రెండో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. వెనక గోడ దగ్గరికి వెళ్ళి సంచి దింపి తలెత్తాను.

పగులుకు అడ్డంగా మూడు గాజు పట్టీలు ఉన్నాయి.

కింద ఒకటి, మధ్యలో ఒకటి, దూలం దగ్గర ఒకటి. రిపోర్టులో నేను రాసిన మూడు చోట్లే. పక్కన ఒకదాని కింద ఒకటి నాలుగు తారీఖులు ఉన్నాయి. నేను ఊహించి రాసిన నాలుగు తారీఖులే. రాత నాది. ఏడు అంకెకు నడుమ అడ్డగీత గీయడం డ్రాయింగ్ నేర్పిన మాస్టారు నాకు చేసిన అలవాటు. ఆ గీత కూడా ఉంది.

ఎవరో పొద్దున అతికించి ఉంటారని అనుకోవడానికీ వీల్లేదు. ప్లాస్టర్ మీద సుద్ద దుమ్ము గట్టిపడి ఉంది. కింది పట్టీ అంచున కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. ఆ గూడు ఎండిపోయి, పురుగు వదిలేసి పోయిన రంధ్రం కూడా కనిపిస్తోంది.

మూడు పట్టీలూ పగిలి ఉన్నాయి. చివరి తారీఖు పక్కన ఒకే మాట రాసి ఉంది. 'పగిలింది.'

ఆ క్షణంలో నాకు భయం వేసిందని చెబితే మర్యాదగా ఉంటుంది. భయం తర్వాత వచ్చింది. మొదట నాకు కలిగింది నిశ్చింత. అతికించే పని తప్పింది, తారీఖులు కూడా సరిపోయాయి అనుకున్నాను. ఫోన్ తీసి ఫోటో తీశాను. తీశాక అర్థమైంది. గాజు పగిలి ఉంటే నా రిపోర్టుకు పనికిరాదు. అప్పుడు సంచిలోంచి చాకు తీశాను. పాతవి పీకి నావి అతికిద్దామని చాకు మొన ప్లాస్టర్ కింద పెట్టాను. నా వెనక పిల్లలు ఏడో ఎక్కం చదువుతూనే ఉన్నారు.

మంగ్లి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తీసేస్తున్నవా సారూ? పని ఒడిసిందా?"

"ఇవి ఎవరు పెట్టిన్రు అవ్వా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "గదేంది సారూ, నువ్వే గద పెట్టింది. నిచ్చెన నేనే తెచ్చిస్తి. ఒకపారి ఐతారం గూడ వస్తివి. బడికి తాళముంటె ఇంటికొచ్చి నన్ను పిలిస్తివి."

ఫోన్‌లో క్యాలెండర్ చూశాను. నేను రాసిన మూడో తారీఖు ఆదివారం. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"నేనేమన్న మాట్లాడిన్నా అవ్వా నీతోటి?"

"ఎక్కడ మాట్లాడితివి? జర పరేషాన్‌గ ఉన్నవనుకున్న. చాయ్ తాగుమంటె తాగకపోతివి. గోడకే మొకం పెట్టుకొని నిలబడేటోనివి."

చాకు జేబులో పెట్టుకున్నాను. పక్క గదిలో ఉన్న హెడ్‌మిస్ట్రెస్ విజయ మేడం దగ్గరికి వెళ్ళి, పిల్లల్ని వెంటనే బయటికి పంపించమన్నాను. ఆమె కంగారు పడింది.

"మీరు వచ్చి చూసి పోతున్నరు గదా అని మేం నిమ్మళంగ ఉన్నం సార్," అంది.

నేను చివరి గదికి వెళ్ళి పిల్లల్ని లేపాను.

అరగంటలో మూడు గదులూ ఖాళీ చేయించాం. తండా మధ్యలో ఉన్న రేకుల షెడ్డులో బడి పెట్టుకున్నారు. సార్‌కు ఫోన్ చేసి, గాజు పగిలింది, రిపోర్టు ఆపండి అన్నాను. అంతకు మించి చెప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వానలో ఆ వెనక గోడ బయటికి ఒరిగి కూలింది. దూలాలు, పైకప్పు ఆ గదిలో పడ్డాయి. పిల్లలు అప్పుడు షెడ్డులో అన్నం తింటున్నారు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను. తండాలో నాకు శాలువా కప్పారు. ఆదివారం కూడా వచ్చి చూసుకున్న ఇంజినీరని విజయ మేడం అందరి ముందూ చెప్పింది. ఒక తల్లి నా చేతులు పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంటూ ఏడ్చింది. సార్ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇంటికి వచ్చి అన్నీ సరిచూసుకున్నాను. గోడ మీది ఆ నాలుగు తారీఖుల్లో మూడు రోజులు నేను భూపాలపల్లిలో ఉన్నాను. స్లాబులు పోసిన రోజులు, సైట్ రిజిస్టర్‌లో నా సంతకాలున్నాయి. ఆదివారం మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థంలో ఉన్నాను. వచ్చినవాళ్ళకు నేనే ఎదురెళ్ళి కూర్చోబెట్టాను. ఫోటోలున్నాయి. నేను తారీఖులు రాసిన కాగితం ఆఫీసు దాటి పోలేదు.

రెండు నెలలు భరించి, ఒక పొద్దున సార్‌కు అంతా చెప్పాను. గాజు సంగతి నమ్ముతారో లేదో అని భయపడ్డాను. ఆయన దాని గురించి ఒక్క మాట అడగలేదు.

"గిట్ల ఎన్ని రిపోర్టులు రాసినవ్ శ్రీనూ?" అన్నారు.

ఇంకా రెండున్నాయి. గడీ మేడ పైకి ఎక్కకుండానే ఎక్కినట్టు రాశాను. మండపం వెనక వైపు చూడకుండానే చూసినట్టు రాశాను. రెండూ ఆయనతో కలిసి మళ్ళీ పరీక్షించాను. మేడ మీద అడుగుపెట్టినప్పుడు గోడలన్నీ వెతికాను, నా రాత ఎక్కడైనా ఉందేమోనని. ఏమీ లేదు. పావురాల రెట్టలు, దుమ్ము తప్ప ఇంకేం లేవు. అదృష్టం కొద్దీ అవి రెండూ గట్టిగానే ఉన్నాయి. సార్ నన్ను పనిలోంచి తీసేయలేదు. కానీ నేను రాసిన కాగితం మీద చూడకుండా సంతకం పెట్టడం మానేశారు.

పోయిన నెల తండాకు వెళ్ళాను. కొత్త బడికి పునాది తీస్తున్నారు. మంగ్లిని పక్కకు పిలిచి నిజం చెప్పాను. ఆ నాలుగు సార్లూ వచ్చింది నేను కాదన్నాను. నేను ఆ రోజు ఎందుకు వచ్చానో, చాకు ఎందుకు తీశానో కూడా చెప్పాను.

ఆమె మోస్తున్న మట్టి తట్ట కింద పెట్టి విన్నది. భయపడలేదు. కోప్పడలేదు కూడా.

"అయితె గాయన మంచోడు సారూ," అని తట్ట ఎత్తుకుని పోయింది.

ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఆ రాత నాది కాదని నేను ఏ కోర్టులోనూ చెప్పలేను. నాదేనని చెప్పడానికీ నాకు నోరు రాదు.