కంచాల లెక్క

మొన్న మా మనవరాలు నేను పుట్టిన పల్లెను ఫోన్లో వెతికింది. మెదక్ దిక్కున, రెండు వాగుల నడుమ ఒక చుక్కను చూపించి, కింద రాసి ఉన్న జనాభా చదివి, "ఇంతేనా?" అంది. ఇంతకంటే తక్కువ ఉన్న రోజులు నాకు తెలుసు. ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం మరుపు కాదు, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక, పిల్లల పెళ్ళిళ్ళయి చేతికి తీరిక దొరికాక నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి నా మాట వినవు.

తొంభైల్లో మేము చిక్కడపల్లిలో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. కంటి ఆపరేషన్ కోసం అమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ మా పల్లెకు మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే కాబట్టి ఆడవాళ్ళకు ఆమె మాటే మాట. ప్రాణమున్న మనిషిని వేలు పెట్టి ఎంచకూడదనేది మా పల్లె కట్టుబాటు. అందుకే అంతకు ముందు జనాభా లెక్కలవాళ్ళు వచ్చిన రోజు అమ్మ చెప్పిందని తల్లులంతా పిల్లల్ని జొన్నచేలలోకి తరిమారు. రాసుకున్నవాళ్ళ లెక్కలో మాది ముసలివాళ్ళ ఊరైపోయింది.

ఆపరేషనైన రెండో రోజు తమ్ముడు నారాయణగూడలో బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చాడు. పల్లెకు బడి కావాలని అర్జీ పెట్టుకుంటే, పిల్లలే లేని ఊరికి బడెందుకన్నారట. మళ్ళీ ఒక ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడు. అప్పటిదాకా పిల్లలు వాగు దాటి పక్కూరి బడికి పోయేవాళ్ళు. అంతకు ముందు వానాకాలం తమ్ముడి బిడ్డ వాగులో జారితే ఎవరో జుట్టు పట్టుకుని లాగారు.

"నువ్వు చెప్పందే ఒక్క తల్లి గూడ పిల్లల్ని బయటికి తేదే అవ్వా," అన్నాడు తమ్ముడు. మా దిక్కున అమ్మను అవ్వా అనే పిలుస్తాం.

"ఎంచనీకి వాళ్ళేమన్న గొర్రెలా? దిష్టి తాకుతది," అంది అమ్మ, కంటికి ఆకుపచ్చ గుడ్డతో గోడవైపు తిరిగి.

ఇంటి ఓనరమ్మ గోదావరి వైపు మనిషి. పరామర్శకు వచ్చి, అమ్మకు నచ్చజెప్పబోయింది. "మా ఊళ్ళో ప్రతిసారీ ఎంచారండీ పెద్దమ్మగారూ. జనం తగ్గలేదు సరికదా, పెరిగారు."

"అందుకేనేమో, ఆడ జాగ చాలక మా పట్నమొచ్చిన్రు," అంది అమ్మ. ఓనరమ్మే ముందు నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. తల పట్టుకుని కూర్చున్నాడు.

నేను వంటకు లేచి, బియ్యం చేట ముందు పెట్టుకుని, అలవాటు ప్రకారం కంచాలు ఎంచాను. ఎంచుతూ ఎంచుతూ ఆగిపోయాను.

"మనుషుల్ని ఎంచొద్దు సరే. కంచాలు ఎంచకుంటే బియ్యమెట్ల పోస్తవే అవ్వా?"

నేను ఎసట్లో బియ్యం వేశాక అమ్మ ఇటు తిరిగి మెల్లగా అంది. "కంచానికి దిష్టి లేదు. ఒక్కొక్క పిల్లగాని ముందట ఒక్కొక్క కంచం పెట్టమను. ఆ ఆఫీసరు కంచాలే ఎంచాలె. తలల దిక్కు వేలు చూపెట్టొద్దు."

తమ్ముడు అన్నం తిని, ఆ మాట మూటగట్టుకుని వెళ్ళాడు. ఆ తరువాత రోజులు గడవడం కష్టమైంది. వాన మబ్బు పట్టినప్పుడల్లా అమ్మ నన్ను పిలిచి, అది మన పల్లె దిక్కేనా అని అడిగేది. ఒక సాయంత్రం ఓనరమ్మ మేడ మీది నుంచి కేకేసింది, ఊరి నుంచి ఫోనని. పరుగెత్తాను.

"కంచాలు చాలినయక్కా," అన్నాడు తమ్ముడు. "బడి ఇస్తున్నరు." కంచాల వరస చూసి, ఆఫీసరు తనకు విందు చేస్తున్నారనుకుని తానూ వరసలో కూర్చున్నాడట. చివరికి ఆయనకూ రెండు జొన్నరొట్టెలు వడ్డించారట. నేను కిందికి వచ్చి చెబితే, కన్ను కదిలించొద్దన్న డాక్టరు మాట మరిచి అమ్మ పడీపడీ నవ్వింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ ఒళ్ళెరగకుండా నిద్రపోయారు.

మర్నాడు పొద్దున అమ్మను కంటి పరీక్షకు నడిపించుకుపోతుంటే అశోక్ నగర్ మలుపు దగ్గర ఒక బడి ముందు ఆమె ఆగింది. పిల్లలు తోసుకుంటూ లోపలికి పోతున్నారు. అమ్మ తెరిచి ఉన్న కంటితో వాళ్ళను చూస్తూ నిలబడింది. వేళయిందని నేను తొందర పెట్టలేదు. గంట కొట్టి వీధి ఖాళీ అయ్యేదాకా అలాగే ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఏళ్ళకేళ్ళు గుర్తు లేకుండా పోయాయి గానీ, ఆ కాసేపు మాత్రం ఎటూ పోలేదు.