మండెలో చెయ్యి

దుర్గాసాయి ఏడో తరగతిలో అడిగిన ఒక ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఆ సంగతే మరచిపోయాను. మొన్న జూన్‌లో ఆ పిల్ల గుర్తు చేసేదాకా నాకది తట్టలేదు.

నా పేరు సత్యవాణి. భీమడోలుకి దిగువన, కొల్లేటి వైపు ఉన్న మా ఊరి బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. దుర్గాసాయి ఆ ప్రశ్న అడిగిన రోజు ‘విత్తనం మొలకెత్తడానికి గాలి, నీరు, వేడి కావాలి’ అని బోర్డు మీద రాస్తుంటే రెండో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

“గోనెసంచిలో కట్టేసిన గింజకి వేడి ఎక్కణ్ణుంచి వస్తుందండీ? దానికి ఎండ తగలదు కదండీ.”

“పరీక్షకి రాదు, కూర్చో” అన్నాను. అంత సైన్సు టీచర్ని నేను.

దుర్గాసాయి ఇప్పుడు ఇరవై రెండేళ్లది. తాడేపల్లిగూడెంలో బీయస్సీ చదివింది. ప్రశ్న పుట్టిందంటే ఆ పిల్లకి అన్నం సహించదు. ఒకసారి ఏలూరు స్టేషన్లో జామకాయలమ్మే ఆవిడ దగ్గర నిలబడి, కాయ కొయ్యకుండానే లోపల ఎర్రదో తెల్లదో ఎలా చెబుతున్నారని అడుగుతూ రైలు వదిలేసుకుంది. ఇంటికొచ్చాక నాకు చెప్పింది రైలు పోయిన సంగతి కాదు, జామకాయ సంగతి.

వాళ్ల నాన్న హనుమంతరావుగారికి రెండున్నర ఎకరాల వరి చేను ఉంది. మూడు వైపులా చేపల చెరువులే. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆయన దమ్ము చేసిన బురదలో దిగలేకపోయారు. చెరువుల వాళ్లు చేను లీజుకిమ్మని రోజూ ఫోన్లు. ఒకసారి తవ్వి గట్లు పోశారంటే ఆ నేల ఇక చెరువే, మళ్లీ వరి ముఖం చూడదు. దుర్గాసాయి పట్టుబట్టింది.

“ఈ సార్వా పంట నన్ను చెయ్యనివ్వండి నాన్నగారూ.”

“విత్తనాలు మండె కట్టి మొలక తెప్పించు. వస్తే నీ మాట, రాకపోతే వాళ్ల మాట” అన్నారాయన.

కూతురు ఏదో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోవాలని ఆయన కోరిక. అందుకే మండె ఎలా కట్టాలో ఒక్క ముక్క చెప్పలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని చూశారంతే. నాకు ఒళ్లు మండింది. కాని ఊరుకున్నాను, ఎందుకంటే అడిగితే చెప్పడానికి నాకూ తెలియదు.

పుస్తకంలో ఉన్నంత మటుకు తేలికే. విత్తనాల్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, వడగట్టి, గోనెసంచుల్లో వదులుగా కట్టి, గడ్డి మీద పెట్టి, పైన తడి గోతాలూ గడ్డీ కప్పి బరువు పెడతారు. మర్నాటికో, ఆ మర్నాటికో మొలక కడుతుంది. అదే మండె కట్టడం. దుర్గాసాయి ఉన్న విత్తనాల్లో సగమే ముందు కట్టింది. అదొక్కటే ఆ వారంలో ఆమె చేసిన తెలివైన పని.

గంటకోసారి పశువుల పాకలోకి వెళ్లి మూతి విప్పడం, గింజ తీసి చూడడం, ఫోన్లో ఫొటో తీయడం, మళ్లీ కట్టడం. మర్నాటికి అడుగున నాలుగు గింజలు మొలిచాయి, పైవి ఎండిపోయి కూర్చున్నాయి. హనుమంతరావుగారు సంచిలోకి తొంగి చూసి కుర్చీలోకి వెళ్లిపోయారు.

పక్క చేను సుబ్బాయమ్మ డెబ్భై ఏళ్ల మనిషి. ఆమె చూసి మందలించింది. “మండెని మాటిమాటికీ విప్పకూడదమ్మా. కడుపుతో ఉన్నదాన్ని గంటగంటకీ లేపి కూర్చోబెడతామా?”

దుర్గాసాయి బుద్ధిగా తలూపింది. కాలవ నీళ్లు వచ్చేశాయి, నారుమడి దమ్ము చేసి సిద్ధంగా ఉంది, మిగిలింది ఆ సగం విత్తనమే. రెండోసారి మండె కట్టి, పాక గుమ్మంలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ముట్టుకోనని ఒట్టు కూడా వేసుకుందట.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అలాగే కూర్చుని ఉంది. రోళ్లు పగిలే ఎండ. పాకలో ఏదో పులిసిన వాసన.

“టీచర్ గారూ, గింజ బాగానే ఉంటే ఈ వాసన ఎందుకొస్తుందంటారు?”

పెద్దవాళ్లు విప్పొద్దన్నారుగా, ఊరుకో, అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు మరి. ఎలాగో మింగేసి, “నాకు తెలియదమ్మా” అన్నాను.

ఆమె లేచి పాకలోకి వెళ్లింది. తర్వాత కప్పిన గడ్డి తియ్యకుండా, మూతి విప్పకుండా, పక్క నుంచి, వదులుగా ఉన్న కట్టు సందులోంచి మోచేతిదాకా సంచిలోకి చెయ్యి దూర్చింది. వెంటనే లాగేసుకుంది.

“కాలిపోతున్నాయండీ.”

ఇద్దరం సంచులు బయటికి లాగి, గింజలు పరిచి, నీళ్లు చిలకరించి, అడుగువి పైకీ పైవి అడుక్కీ తిరగేశాం. చెంగు బొడ్లో దోపుకుని బోరింగు దగ్గర నుంచి నేనే ఆరు బిందెలు మోశాను. వేడి తగ్గాక మళ్లీ కట్టి కప్పాం. నాకు నిజంగా భయం వేసింది. ఆ చేను పోతే ఈ పిల్ల నవ్వు కూడా పోతుందనిపించింది.

సాయంత్రం సుబ్బాయమ్మ వచ్చింది. “మీరు విప్పొద్దన్నారు కదండీ” అంది దుర్గాసాయి, కొంచెం నిష్ఠూరంగానే.

“విప్పొద్దన్నాను గాని చెయ్యి పెట్టి చూడొద్దన్నానా? పూటకోసారి చెయ్యి పెట్టాలి, కాకెక్కితే తడపాలి.” సుబ్బాయమ్మ తెల్లబోయింది. “అది కూడా చెప్పాలా తల్లీ? అందరికీ తెలుసనుకున్నాను.”

ఆవిణ్ణి తప్పు పట్టలేకపోయాను. ఆమెకు తెలిసినదంతా చేతిలో ఉంది. అడిగినవాళ్లు లేక నోటిదాకా రాలేదు.

తెల్లవారాక సంచులు విప్పాం. కొన్ని గింజలు ఉడికిపోయాయి. తక్కినవన్నీ నూకంత తెల్లటి మొలకలు. హనుమంతరావుగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, గుప్పెడు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు వేళ్లతో కదిపారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు.

“చెరువు మాట ఇక వదిలెయ్యండి. మా అమ్మాయి చేస్తుందండీ.” అంతే, పెట్టేశారు. “తక్కువ పడే నారు సుబ్బాయమ్మగారిని అడుగుదాం” అన్నారు కూతురితో. ఆ మనిషి కళ్లు తడిగా ఉన్నాయి, నేను చూశాను.

దుర్గాసాయి నా చెయ్యి పట్టుకుని రెండో సంచిలో పెట్టింది. గోరువెచ్చగా ఉంది, పసిపిల్ల ఒంట్లా.

“ఏడో తరగతిలో అడిగాను, గుర్తుందాండీ? ఈ వేడి బయట నుంచి రాదండీ. ఒకచోట చేరితే గింజలే పుట్టించుకుంటాయి.”

బోర్డు మీద ముప్పై ఏళ్లు రాసిన మాటని అప్పుడు మొదటిసారి ముట్టుకున్నాను.

“ఆ రోజు నాకు తెలియదమ్మా. తెలియదని చెప్పడం చేతకాక కూర్చోమన్నాను.”

“అది నాకు అప్పుడే తెలుసులెండి” అని, మొలకల గంప నెత్తికెత్తుకుని నారుమడి వైపు నడిచింది.