పసుపు అంటిన అరచేయి

ఈ ఉదయం చేపలకు పసుపు పట్టిస్తుంటే, ఆ వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. చర్చి నుంచి వచ్చి అమ్మ చేపలకు పసుపు కలుపుతోంది. పక్క క్వార్టర్ అప్పన్న మామ ఇనుప రాడ్డు పట్టుకుని ఎదురింటి బెంగాలీ దాదా మీదికి వెళుతున్నాడు. కాలువ నీళ్ల తగువు. అమ్మ పసుపు చేతులతోనే అడ్డం వెళ్లి ఏదో అంది.

"ఏటి? ఇనబడ్నేదు!" అని అరిచాడు మామ.

రైల్వే వర్క్‌షాప్ మోతకు ఆయన చెవులు మందగించాయి. అలాంటివాళ్లతో మా వీధంతా గట్టిగానే మాట్లాడేది. అమ్మ మాత్రం ఇంకా మెల్లగా అంది. భయంతో గొంతు పోయిందనుకుని, ఆమె తరఫున నేనే అరిచాను.

"మామా, రాడ్డు కింద పెట్టమంతంది!"

రాడ్డు పైకి లేచింది.

అమ్మ నా నోరు మూసి, అంతే మెల్లగా, "నువ్వు సెప్పు తమ్ముడా, నేను ఇంటాను," అంది. ఆ మాట వినడానికి మామ అరుపు ఆపి వంగాల్సి వచ్చింది. తర్వాత చెప్పుకుంటూ చెప్పుకుంటూ రాడ్డు గోడకు ఆనించాడు.

గొంతు కావాలనే తగ్గించిందని పెద్దయ్యాక తెలిసింది. భయం సంగతి మాత్రం నేను సరిగ్గానే అనుకున్నాను. నా పెదాల మీద ఆ అరచేయి వణుకుతూనే ఉంది.