పట్టా, చైను, గంగారాం మిస్త్రి

నిన్న ఉదయం కుంభారి నుంచి ఒక అమ్మాయి బ్యాటరీ సైకిల్ తోసుకుంటూ మా షాపుకు వచ్చింది. వెనుక చక్రం నడిమధ్యలోనే మోటారు. దానికి పట్టా, అంటే బెల్టు, లేదు, వేరే చైనూ లేదు. వదులైన తీగ ఒకటి బిగించి, సైకిల్‌ను స్టాండ్ మీద నిలబెట్టి మీట నొక్కాను. చక్రం తిరిగింది. చప్పుడు లేదు. నా చెవులు మాత్రం దేనికోసమో కాచుకుని ఉన్నాయి. ఏదో కీచుమనాలి, రబ్బరు కమురు వాసన రావాలి. ఏమీ రాలేదు. "అయిందా అత్తా?" అని ఆ అమ్మాయి అడిగే వరకు నేను ఆ చక్రాన్నే చూస్తూ ఉన్నాను. ఆమె వెళ్లాక కూడా చాలాసేపు పని మీద చెయ్యి పోలేదు. ఇలాంటి మోటారు ఒకటి ముప్పై ఏళ్ల క్రితం దొరికి ఉంటే గంగారాం మిస్త్రి గురించి నేను ఇంకోలా రాసేదాన్ని.

ఆయన పేరు ఎత్తితే షోలాపూర్ నేతపేటల్లో పాతవాళ్లు ఇప్పటికీ చేతులు జోడిస్తారు. దేవుడంటారు. నేను అనను. దేవుడైతే నా మొహం చూడగానే నిజం కనిపెట్టి ఉండేవాడు. ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగు చేసే మనిషి. వాటి మోటార్లు కాలిపోతే కొత్తగా తీగ చుట్టేవాడు. షాపు కొంతం చౌక్‌కు రెండు గల్లీల ఇవతల. తొంభైల మొదట్లో నేను ఒక కార్ఖానాలో మగ్గాలకు నూలు కండెలు చుట్టేదాన్ని. ఇరవై ఏడేళ్లు, ఒక కూతురు. ఒకరోజు ఆయన అక్కడికి మోటారు చూడటానికి వచ్చి, నా గంపలోని కండెలను ఒక్కొక్కటిగా తీసి చూశాడు.

"అన్నీ ఒక్క తీరుగ ఉన్నయి. నీ చెయ్యి లెక్క తప్పదు," అన్నాడు. "ఇది దారం, అది రాగి తీగ. అంతే ఫరక్. రేపటికెల్లి షాపుకు రా."

ఆడమనిషి మోటారు షాపులో కూర్చోవడమేమిటని గల్లీ అంతా గుసగుసలు పోయింది. అప్పుడు నా వైపు నిలబడ్డది మా అన్న ఒక్కడే. "మాట్లాడేటోళ్లు వచ్చి బువ్వ పెడ్తరా? పో చెల్లె," అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను కండెల దగ్గరే ముసలిదాన్ని అయ్యేదాన్ని.

మిస్త్రి నేర్పే పద్ధతి కఠినం. మొదటి నెలలో నేను చుట్టిన మోటారు ఒకటి కాలిపోయింది. ఆయన తిట్టలేదు. ఆ తీగంతా చేత్తో విప్పించి, ఒక్కో చుట్టూ పైకి లెక్కపెట్టించాడు. నాలుగు చుట్లు తక్కువ వచ్చాయి. "మోటారు తప్పు చెయ్యదు పద్మా. మనం చేస్తం, అది కాలి చెప్తది," అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. "డౌటు ఉంటే కరెంటు ఇయ్యకముందు చెప్పు. ఇచ్చినంక చెప్తే అది డౌటు గాదు, చాడీ." ఆ తర్వాత నేను రోజూ డౌట్లు చెప్పేదాన్ని. తంబాకు నములుతూ అన్నీ వినేవాడు. నేను చెప్పింది సరైనదైతే మారు మాట్లాడకుండా ఒప్పుకునేవాడు. ఇంట్లో కూడా ఎవరూ నా మాట అలా విన్నది లేదు. కానీ అదంతా తీగ దగ్గరే. పుల్లీలు, పట్టాల దగ్గరకొస్తే మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సాంచాల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆ విషయంలో కండెలు చుట్టే ఆడదాని మాట ఆయన చెవికెక్కేది కాదు.

మా శంకరన్నకు చిన్నప్పుడే జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది. అయినా నిలబడి రెండు సాంచాలు నడిపేవాడు. వాళ్ల సేటు మగ్గాలన్నీ అక్కల్‌కోట్ రోడ్డు వైపు కొత్త షెడ్డుకు మార్చేసరికి కష్టం మొదలైంది. ఇంటి దగ్గర్నుంచి నాలుగు మైళ్లు. పాళీ, అంటే షిఫ్టు, మొదలయ్యే వేళకు బస్సు లేదు. ఒంటి కాలితో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేసరికి ఆలస్యమయ్యేది. మా కార్ఖానాల్లో ప్రతి పాళీకీ తలుపు దగ్గర బదలీ మనిషి నిలబడి ఉంటాడు. నేతగాడు రాకపోతే ఆ పూట మగ్గాలు వాడివి. ఒక వారంలో మూడు పూటలు అన్న వెళ్లేసరికి అతని మగ్గాల మీద ఇంకొకడు ఉన్నాడు. ఇంకొక్కసారి ఇలా అయితే మగ్గాలు ఎప్పటికీ వాడికే అని సేటు చెప్పేశాడు. ఒక్క వదిన చుట్టే బీడీలతో ఆ ఇల్లు నడవదు. నేను షాపులో కూర్చుని ఈ మాట చెప్పి ఏడిస్తే, మిస్త్రి మూలన పడి ఉన్న ఇనుప సామాను కెలికి పాత కారు డైనమో బయటికి లాగాడు.

"ఇది కరెంటు పుట్టిస్తది. దీనికి మనమే కరెంటిస్తే మోటారైతది. నీ అన్న సైకిల్‌కు కడ్దాం," అన్నాడు.

బ్యాటరీలు రెండు సంపాదించాం. మోటారు వేగం తగ్గేలా నేను తీగ మార్చి చుట్టాను. ఇక దాని బలాన్ని చక్రానికి ఎలా అందించాలన్నదే మిగిలింది. మొదట మోటారు కొసకు చిన్న రోలర్ తగిలించి, దాన్ని వెనుక టైరు మీద ఒత్తేలా పెట్టాం. అన్నిటికంటే తేలిక అదే. ఎండలో బాగానే తోసింది. మర్నాడు వాన పడితే తడిసిన టైరు మీద రోలర్ ఊరికే తిరిగింది, అన్న గల్లీ మొదట్లోనే నిలబడిపోయాడు. వారం తిరక్కుండానే టైరులోంచి దారాలు బయటపడ్డాయి. అది పక్కన పెట్టాం. నేను చైను పెడదామన్నాను. చైను జారదు, వానకు భయపడదు. మీట ఆపితే మోటారు ఆగుతుంది, సైకిలూ ఆగుతుంది. ఒకసారి కట్టి చూశాం కూడా. మీట నొక్కగానే చక్రం ఎగిరి ముందుకు దూకింది, రెండు ఊచలు విరిగాయి. కరెంటును ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదిలే ఏర్పాటు చేస్తానని, రెండు రోజులు గడువు ఇమ్మని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చైను మెడ పట్టి గుంజుతది. పట్టా చెయ్యి పట్టి తీస్కపోతది," అన్నాడు. "బరువెక్కువైతే పట్టా జారుతది, మనిషిని కాపాడ్తది. పట్టాకు దయ ఉంటది."

"జారితే అన్నకు మళ్లీ లేటైతది గదా మామా," అన్నాను.

షాపులో అప్పుడు నలుగురు మగవాళ్లు ఉన్నారు. ఆయన వాళ్ల వైపు చూసి నవ్వాడు. "చూసిన్రా, కండెలు చుట్టే చెయ్యి నాకు పట్టా సంగతి చెప్తున్నది." నలుగురూ నవ్వారు. ఆయన వేళాకోళానికే అన్నాడు, మరునిమిషంలో మరిచిపోయాడు. నేను మరచిపోలేదు. ఒళ్లంతా మండిపోయింది. ఇన్నాళ్లూ ఆయన నన్ను మిస్త్రిగానే చూస్తున్నాడని అనుకున్నాను. నలుగురు మగాళ్ల ముందు నా విలువ ఎంతో ఆ రోజు తెలిసింది.

పట్టానే పెట్టారు. పాత సాంచాలకు ఉండే ఏర్పాటే అది. మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వెనుక చక్రం పక్కన రెండు పుల్లీలు, ఒకటి చక్రానికి బిగించింది, ఇంకొకటి ఉత్తగా తిరిగేది. పట్టా మొదటిదాని మీద ఉంటే సైకిల్ నడుస్తుంది. ఉత్తదాని మీదికి జరిగితే మోటారు బలం చక్రానికి అందదు. జరపడానికి ఒక సాంచా నుంచి తీసిన ఇనుప హ్యాండిలే పెట్టాడు. సాంచా మీద నేతగాడు ఆ హ్యాండిల్‌ను తన వైపు లాగితే మగ్గం నడుస్తుంది. పోగు తెగినా, కండెను అటూ ఇటూ మోసే నాడె ఇరుక్కున్నా అరచేత్తో అవతలికి ఒక్క తట్టు తడతాడు, మగ్గం ఆగుతుంది. రోజుకు వందసార్లు తడతాడు. ఆలోచించి తట్టడు, చెయ్యే తడుతుంది. అయితే మిస్త్రి బ్యాటరీ పెట్టెకు చోటు కోసమని పుల్లీలను అటుదిటు మార్చాడు. దాంతో హ్యాండిల్ పని తిరగబడింది. లాగితే ఆగుతుంది, తడితే నడుస్తుంది.

ఆయనకు అది తట్టలేదు. ఆఖరి బోల్టు బిగిస్తున్నప్పుడు నాకు తట్టింది. పానా చేతిలో పట్టుకుని ఒక నిమిషం ఆగాను. విప్పి మార్చడానికి గంట పని. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కండెలు చుట్టే చెయ్యి చెప్తే నవ్వుతారు కదా అనుకున్నాను. అన్న రెండు రోజులు నడిపి ఇబ్బందిగా ఉందంటాడు, అప్పుడు ఈయనే నలుగురి ముందు నన్ను పిలిచి అడుగుతాడు, అప్పుడు చెబుతాను అనుకున్నాను. బోల్టు బిగించేశాను.

అన్న మాత్రం ఏమీ అనలేదు. "గుంజితే ఆగుతది శంకరా," అని మిస్త్రి చెప్పాడు. అన్న తల ఊపి, గల్లీలో రెండుసార్లు తిరిగి, పిల్లాడిలా నవ్వాడు. మర్నాటి నుంచి బదలీ మనిషి కంటే ముందే షెడ్డు తలుపు దగ్గర ఉండేవాడు. మూడు వారాలు ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు. వదిన మా ఇంటికి వచ్చి, "మీ మిస్త్రి మా మగ్గాలు నిలవెట్టిండు," అంది. ఆయన పేరు చెప్పింది, నా పేరు చెప్పలేదు. ఆ మాటకు నా నోరు ఇంకా బిగుసుకుంది. ఇక అన్న చెయ్యి కొత్త అలవాటు పట్టేసిందిలే, చెప్పాల్సిన పనే లేదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నాలుగో వారంలో ఒక ఉదయం అన్న కొంతం చౌక్ దగ్గర రోజూలాగే హ్యాండిల్ లాగి సైకిల్ వేగం తగ్గించాడు. పక్క గల్లీలోంచి నూలు చుట్టిన భీములతో, అంటే మగ్గానికి ఎక్కించే బరువైన ఇనుప రోలర్లతో, ఒక తోపుడు బండి అడ్డం వచ్చింది. అన్న చెయ్యి బ్రేకు మీదికి పోలేదు. ఇరవై ఏళ్లుగా ఏం చేస్తోందో అదే చేసింది. అవతలికి తట్టింది. పట్టా బిగించిన పుల్లీ మీదికి దూకి సైకిల్‌ను ముందుకు లాక్కెళ్లింది. దయ గల పట్టా ఆ రోజు జారలేదు. భీము కొస తగిలి అన్న కుడి మోకాలు చితికింది. అతనికి ఉన్న మంచి కాలు అదొక్కటే.

దవాఖానాలో అన్న మిస్త్రిని చూసి చెప్పిన మాట ఒక్కటే. "సాంచా అనుకున్న మామా. తట్టిన."

మిస్త్రి అక్కడి నుంచి నేరుగా షాపుకు వచ్చాడు. వంకరపోయిన సైకిల్‌ను గోడకు ఆనించి హ్యాండిల్ లాగాడు, తట్టాడు, మళ్లీ లాగాడు, మళ్లీ తట్టాడు. తర్వాత స్టూలు మీద కూలబడి నా వైపు చూశాడు.

"హ్యాండిల్ ఉల్టా పడ్డది. బోల్టు నువ్వే బిగించినవు గదా. నీకు కనవడలేదా పద్మా?"

అప్పుడైనా చెప్పవచ్చు. తిట్టేవాడేమో, కొట్టేవాడేమో. కానీ ఆయన కళ్లల్లో కోపం లేదు, నా జవాబు మీద ఏదో ఆధారపడి ఉన్నట్టు చూస్తున్నాడు. నాకు భయం వేసింది. "కనవడలేదు మామా," అన్నాను.

ఆయన నమ్మాడు. "నీ కంటికే కనవడకపోతే ఇగ నాకేం కనవడ్తది," అన్నాడు. ఆ తర్వాత మా అన్న ఇంటికి వెళ్లి, వాకిట్లో అందరి ముందు, "తప్పు నాది. నా చెయ్యి, కన్ను రెండూ ఖరాబైనయి," అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ రోజు తర్వాత ఆయన ఏ సాంచా మీదా చెయ్యి పెట్టలేదు. కార్ఖానాల వాళ్లు పిలవడానికి వస్తే, "పద్మను తీస్కపోన్రి," అనేవాడు. ఆరు నెలలు తిరక్కముందే షాపు తాళం చెవి నాకు ఇచ్చేశాడు. "నీకు చెప్పేది ఇగ ఏం మిగల్లేదు బిడ్డా," అన్నాడు. తీసుకున్నాను. వద్దనలేదు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. చివరిదాకా తన కన్నే మోసం చేసిందని నమ్మాడు. ఆయన నవ్విన ఒక్క నవ్వుకు నేను తీర్చుకున్న కసి అది. లెక్క ఎక్కడా సరిపోదు. ఆ నవ్వుకు మాత్రం నేను ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు, అదీ నిజమే.

అన్న మళ్లీ మగ్గం ముందు నిలబడలేదు. ఇప్పుడు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో వదిన పక్కన కూర్చుని బీడీలు చుడతాడు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కడతాడు. ఒకప్పుడు రెండు సాంచాలు నడిపిన మనిషి ఆడవాళ్ల వరుసలో తలవంచుకుని కూర్చున్నాడని గల్లీలో మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. నేను వెళ్లినప్పుడల్లా అతను చేట పక్కకు జరిపి నాకు చోటిస్తాడు. వచ్చిన వాళ్లకు చూపించి గొప్పగా చెబుతాడు. "మా చెల్లె. షోలాపూర్‌ల దీనసొంటి మిస్త్రి లేదు. చిన్న తప్పున్నా దీని కంట్ల వడ్తది."

పడుతుంది. ఆ రోజూ పడింది.