బ్రాకెట్ దగ్గర ఆగిన టెండరు

రాజమండ్రి స్టేషన్ వెయిటింగ్ హాల్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ప్రభుత్వ హాస్టళ్ళకు బెంచీలు చేసే పనికి ఆన్‌లైన్‌లో టెండరు వేయాలి. మూడు గంటలకు గడువు ముగుస్తుంది, అప్పటికే రెండున్నర దాటింది. మా షెడ్డులో రెండు నెలలుగా పని లేదు. ఇదైనా వస్తే నలుగురు వడ్రంగులను నిలుపుకోగలను. పోర్టల్ మాత్రం జీఎస్టీ సర్టిఫికెట్ ఎక్కించిన ప్రతిసారీ "ఫైల్ చెల్లదు" అంటోంది. ఎందుకు చెల్లదో చెప్పదు. ఐదోసారి ఏకంగా లాగౌట్ చేసేసింది. పైకే తిట్టి, మళ్ళీ లాగిన్ అయి అదే ఫైలు ఎంచాను.

పక్క కుర్చీలో టిఫిన్ తింటున్న ఒక యాభై ఏళ్ళావిడ నా స్క్రీన్ వైపు వంగి చూశారు.

"ఫైలు పేరు చివర బ్రాకెట్లో రెండు అని ఉంది కదండీ, అది తీసేయండి. బ్రాకెట్లుంటే తీసుకోదు."

తీసేశాను, ఎక్కింది. ఇంకో నాలుగు నిమిషాలున్నాయనగా సబ్మిట్ అయింది. ఆవిడకు దణ్ణం పెట్టాను.

"మీకెలా తెలుసండీ?"

"పొద్దున్న నన్నూ ఇలాగే ఏడిపించిందండి. ఇదే బెంచీల టెండరు. మాకు తునిలో షెడ్డుంది."

"మరి నాకెందుకు చెప్పారండీ?"

"ఓడితే రేటు దగ్గర ఓడాలి గానీ, బ్రాకెట్ దగ్గర ఓడిపోవడమేంటండీ?" అంటూ ఆవిడ బాక్సు సర్దుకుని తన రైలుకి వెళ్ళిపోయారు.

తర్వాత ఫలితం చూస్తే తుని షెడ్డుదే తక్కువ రేటు, నాది రెండోది. మా వడ్రంగుల్లో ఇద్దరు వేరే పని చూసుకున్నారు. అయినా టెండరు పోయిన రోజు ఇంట్లో ఎవరి మీదా విసుక్కోకపోవడం నాకదే మొదటిసారి.