టిక్కు లేని వరుస

ఆర్విడ్ హాగెన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు కలప మిల్లులో రంపాలకు పదును పెట్టాడు. రంపం పళ్ళు లెక్కపెట్టీ పెట్టీ ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. మిల్లు మూతపడి మనిషి ఇంటికొచ్చాడు గానీ లెక్క ఆగలేదు. మెట్లెక్కితే మెట్లు, పొయ్యిలో కట్టెలు వేస్తే కట్టెలు. "నా పుట్టినరోజు తప్ప ఈయన లెక్కలో లేనిది లేదు," అని భార్య డోర్థీ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉండేది.

ఆ లెక్కంతా చివరికి గరాజు మూలనున్న బల్ల దగ్గర స్థిరపడింది. మొంటానా కొండల్లో మా ఊరివాళ్ళు కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు పారెయ్యరు. ఇంట్లోనే మళ్ళీ తుపాకీమందు పోసి, గుండు బిగించి వాడుకుంటారు. ఆర్విడ్ నలభై నాలుగేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. గొట్టం ఒకసారి పేలితే డబ్బా మూత మీద ఒక గీత. ఆరు గీతలు దాటితే ఆ గొట్టాలు పాత ఇత్తడిలోకే. మందు పడనిది బోర్లా, పడింది నిటారుగా. మధ్యలో ఎవరు పలకరించినా సరే, అన్నీ ఒంపేసి మళ్ళీ మొదటినుంచి. గుండ్లు బిగించే ముందు టార్చి వేసి ఒక్కో గొట్టంలోకీ తొంగి చూసి, నల్లట్ట పుస్తకంలో ఆ వరుస చివర టిక్కు పెట్టేవాడు. ఆ టిక్కు లేకుండా ఒక్క తూటా కూడా ఆయన గడప దాటలేదు. ఇంత చాదస్తం ఎందుకని నవ్వినవాళ్ళే అక్టోబరు రాగానే ఖాళీ గొట్టాలు పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడేవాళ్ళు.

ఆ ఏడు కూతురు మారిట్ భుజానికి ఆపరేషన్ అయింది. స్కూలు బస్సు నడిపే పిల్ల. చలికాలానికి ఫ్రీజర్‌లో దుప్పి మాంసం లేకపోతే దానికి ఇల్లు ఇల్లులా ఉండదు. వేటకు వద్దంటే వినలేదు. అందుకని తుపాకీ వెనక్కి తన్నకుండా ఆర్విడ్ మెత్తటి తూటాలు కట్టాడు. వాటికి వాడే మందు వేరు. తొందరగా మండుతుంది, గొట్టానికి ఒక చిన్న గరిటె చాలు. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు మందు గొట్టం నిండా వస్తుంది కాబట్టి పొరపాటున రెండోసారి పోస్తే పొర్లిపోయి తప్పు బయటపెడుతుంది. ఈ మందు రెండు గరిటెలు పడినా కిక్కురుమనకుండా లోపలే కూర్చుంటుంది. అది పేలితే తుపాకీ చీలి కాల్చేవాళ్ళ మొహం మీదికే వస్తుంది.

వేట సీజన్ మొదటి రోజు పొద్దున్న ఆర్విడ్ గంజి తాగుతూ నల్లట్ట పుస్తకం తెరిచాడు. మారిట్ వరుస చూశాడు. ఇరవై తూటాలు, తేదీ, పేరు అన్నీ ఉన్నాయి. చివర టిక్కు లేదు.

ఆ తూటాలకు మందు పోస్తుండగా పాత స్నేహితుడు లైల్ వచ్చాడు, కాఫీ తాగాడు, వెళ్ళాడు. అంతవరకు గుర్తుంది. లైల్ వెళ్ళాక గొట్టాలు ఒంపేసి మొదటినుంచి మొదలెట్టాడా, ఆపినచోట ఎత్తుకున్నాడా? టార్చి చేతిలోకి తీసుకున్నాడా? ఎంత తవ్వినా అక్కడ ఏమీ లేదు. ఈమధ్య పొయ్యి ఆర్పడం మర్చిపోయినప్పుడు నవ్వేసి ఊరుకున్నాడు. ఇప్పుడు మాత్రం చెంచా గిన్నెలో పడేసి లేచాడు.

అప్పటికే వేటకెళ్ళిన మారిట్‌కి ఫోన్ చేస్తే కలవలేదు. కొండమీద ఎప్పుడూ కలవదు. ఆర్విడ్ పికప్ తీసుకుని దారి మొదలు దాకా పోయాడు. మారిట్ బండి అక్కడే ఉంది, మనిషి లేదు. అరిగిన మోకాళ్ళతో ఆ ఎత్తు ఎక్కలేడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, మా ఊళ్ళో వేటగాడన్నవాడు చెయ్యని పని చేశాడు. సీజన్ మొదటి పొద్దున, దుప్పులు మేతకు దిగే వేళ, హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కిపట్టాడు.

ముందు లైల్ దిగొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

"ఒరేయ్ ముసలోడా, మతిపోయిందిరా నీకు? కొండంతా ఖాళీ చేశావు! నీ దుంపతెగ, నాలుగు గంటలకి లేచొచ్చాను!"

"తిట్టుకోరా, తిట్టుకో," అన్నాడు ఆర్విడ్, చెయ్యి తియ్యకుండానే.

ఆ తర్వాత నారింజ రంగు చొక్కాలో మారిట్ రొప్పుతూ వచ్చింది.

"ఏమైంది నాన్నా? ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"కాల్చావా?"

"లేదు. గురి చూస్తున్నా, నువ్వు మోగించావు. నిజం చెప్పు, ఏమైంది?"

"ఆ తూటాలు ఇలా ఇచ్చెయ్, తల్లీ. నేను టిక్కు పెట్టలేదు."

మారిట్‌కి ఆ మాట చాలు. తుపాకీలోవి తీసింది, జేబులోవి తీసింది, అన్నీ డబ్బాలో సర్ది ఆయన చేతిలో పెట్టింది. ఇరవై ఉన్నాయి. లైల్ కూడా తిట్లు ఆపి బూట్లకేసి చూసుకున్నాడు. తిట్లే నయమనిపించింది ఆర్విడ్‌కి.

గరాజులో మారిట్ తండ్రి చేతికి కాఫీ ఇచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు కదలకు. నేను విప్పుతా, నువ్వు లెక్క చూడు."

ఒక్కో తూటానూ సుత్తిలాంటి పనిముట్టులో పెట్టి కొట్టి, గుండు ఊడదీసి, లోపలి మందు గరిటెలో పోసి చూసింది. సరిపోతే సరే అని గిన్నెలో ఒంపింది. ఆయన వైపు వీపు పెట్టి నిలబడింది.

"ఒకటి. సరిగ్గా ఉంది. రెండు. సరిగ్గా ఉంది."

పదమూడు దగ్గర చిన్నగా ఆగింది.

"పదమూడు... సరిగ్గానే ఉంది నాన్నా."

ఇరవై అయ్యాయి. "చూశావా, ఊరికే కంగారుపడ్డావు. అన్నీ బంగారంలా ఉన్నాయి," అంది. ఆయన భుజం నొక్కి, సూప్ వేడిచేస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

ఆర్విడ్ లేచాడు. మందు గిన్నెలో వదిలేసి పోయే అలవాటు ఆయనకు లేదు. గరిటెతో కొలిచి డబ్బాలో పోస్తూ, నోట్లోనే లెక్కపెట్టాడు. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. గిన్నె అడుగున ఇంకా మందు ఉంది. దాన్ని గరిటెలోకి ఊడ్చాడు. సరిగ్గా గరిటె నిండింది.

పదమూడు దగ్గర కూతురు ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది. మారిట్ నవ్వు, దాని రెండు కళ్ళు, సీజన్ అంతా అది కాల్చబోయే ఇరవై తూటాలు, అందులో ఆ పదమూడోది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత పుస్తకం తెరిచి కూతురి వరుస కింద రాశాడు: గొట్టాలు ఇరవై, గరిటెలు ఇరవై ఒకటి. చివర టిక్కు పెట్టాడు.

మారిట్ పిలవడానికి వచ్చేసరికి తండ్రి రెంచి పట్టుకుని, గుండ్లు బిగించే ప్రెస్‌ని బల్లకి పట్టిన బోల్టులు విప్పుతున్నాడు.

"అదేంటి నాన్నా? అన్నీ బాగానే ఉన్నాయిగా?"

"బాగానే ఉన్నాయి," అన్నాడు. "ఈ కొస పట్టుకో."

నాలుగు బోల్టులూ తుప్పుపట్టి మొండికేశాయి. ఇద్దరూ కలిసి ఒక్కోటీ ఊడదీశారు. మధ్యలో ఆర్విడ్ ఆగి, రెంచి కేసి చూసి, కూతురి కేసి చూశాడు.

"ఎన్నయ్యాయి?" అని అడిగాడు. ఆయన ఇంకొకరిని లెక్క అడగడం అదే మొదలు.

"మూడు నాన్నా," అంది మారిట్.