ముగ్గులో కుంచించుకుపోయిన గది

ఆ రోజుల్లో అందరికీ ఏవో నమ్మకాలుండేవి. అంకెల్లోకి రానిది ఈ లోకంలో ఏదీ లేదన్నది నా ఒకే ఒక్క నమ్మకం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. హనుమాన్ జంక్షన్‌లో ఇనుము, సిమెంటు అమ్మే కొట్లో ఆరేళ్లు పనిచేసి, ప్లాను చూడగానే ఇంటికి ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. (చెప్పినదానికీ పట్టినదానికీ తేడా వందకు రెండు దాటేది కాదు. దాటితే తప్పు మేస్త్రిదే.) ఆ ధీమాతోనే గుణదలలో ఒక మేడ మీదుండే సంస్థకి దరఖాస్తు పెట్టాను. లాభం చూసుకోకుండా పల్లెలకి బళ్లూ అంగన్‌వాడీలూ డిజైన్ చేసిపెట్టే ఆర్కిటెక్టుల సంస్థ అది. ఏడాదికి ఆరుగుర్ని ఫెలోలుగా తీసుకునేవాళ్లు. ఫెలో అంటే ఉద్యోగి కాదు, విద్యార్థీ కాదు. ఇల్లరికపుటల్లుడిలాంటివాడు: మర్యాదలకి లోటుండదు, ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. ఆ ఏడాది ఐదుగురు డిగ్రీవాళ్లు, ఆరోవాణ్ణి నేను.

మొదటిరోజు మాకు సంస్థ ఏయే విధాలుగా అండగా ఉంటుందో గంటన్నర చెప్పారు. నేను లెక్క రాసుకున్నాను, పదకొండు తేలాయి. ల్యాప్‌టాప్, అందులో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు, గోడకి గురిపెట్టి మీట నొక్కితే దూరం చెప్పే లేజరు, ప్లాస్టిక్ టోపీ, ఇన్సూరెన్సు, బస్సు పాసు, లైబ్రరీ, దారి చూపడానికి మెంటరనే పెద్ద ఆర్కిటెక్టుగారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి కౌన్సెలర్ మేడం, నెలకోసారి ఆరుగురం గుండ్రంగా కూర్చుని బాధలు చెప్పుకునే సభ, ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి. మెంటర్‌గారు మాత్రం గురువారం మూడు నుంచి నాలుగు దాకానే దొరికేవారు. (అంటే వారంలో నూట అరవై ఏడు గంటలు నా కష్టాలు నావే.) చివర్లో నవ్వుతూ షరతు చెప్పారు. మూడు నెలల్లో మాకిచ్చిన ఊళ్లో ప్లానుకి ఊరివాళ్ల ఒప్పుకోలు సంతకాలు తేవాలి. లేకపోతే ఫెలోషిప్ అక్కడితో ఆఖరు. నాకు మళ్లీ సిమెంటు కొట్టే.

నాకు పామర్రు దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ పడింది. పిల్లలు పాతికమంది. గది పద్దెనిమిది అడుగులకి పద్నాలుగు పెట్టాను. రెండు వందల యాభై రెండు చదరపు అడుగులు. తలకి పది పోగా ఇంకా రెండు మిగులు. ఆ రెండడుగులు చూసుకుని ఎన్నిసార్లు మురిసిపోయానో లెక్క లేదు. (నా జీవితంలో నేను లెక్క పెట్టని సంగతి అదొక్కటే.) కానీ కాగితం మీద గీతలు చూసి తల్లులెవరూ సంతకం పెట్టలేదు. దాంతో గడువింక ఒక్కరోజుందనగా, మంగళవారం పొద్దున్నే మేస్త్రి భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, పునాది రావాల్సిన చోట సున్నంతో ముగ్గు పోయించాను. కళ్లతో చూస్తే ఒప్పుకుంటారని నా ఎత్తు.

చూశారు. నోళ్లు నొక్కుకున్నారు. ఒకావిడ గీత దాటి లోపలికి అడుగేసి, నాలుగడుగుల్లో అటు బయటపడి, "ఇదేం గదండీ బాబూ, మా గేదెల చావిడి దీనికి రెండింతలుంటది" అంది. తక్కినవాళ్లు గేదెలే నయమన్నారు. నేను టేపుతో మళ్లీ కొలిచాను. పద్దెనిమిది, పద్నాలుగు. లేజరు తీశాను. ఎదురుగా గోడ లేదు కాబట్టి అది వరిచేల మీదుగా ఎటో పోయి ఏమీ చెప్పలేదు. అసలు చిక్కేమిటంటే, నా కంటికీ ఆ గది చిన్నగానే ఉంది. అంకె సరైనదే, కన్ను కాదంటోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను కన్ను వైపు మొగ్గాను. ఇరవైకి పదహారు చేయించాను. అయినా ఇరుకే అన్నారు. ఇరవై రెండుకి పద్దెనిమిది చేయించాను. ఈసారి గది కాస్త గదిలా ఉంది, దాని వెనక గీసిన వంటగది మాత్రం పక్కనున్న పంటబోదెలో పడింది. మేస్త్రి సున్నం బస్తా పట్టుకుని బోదె గట్టున నిలబడి, "నీళ్లమీద ముగ్గు నాకు రాదండీ" అన్నాడు.

మెంటర్‌గారికి ఇంకా రెండ్రోజులు టైముంది. కౌన్సెలర్ మేడంకి ఫోన్ చేశాను. ఎలా అనిపిస్తోందన్నారు. ఇరవై రెండు బై పద్దెనిమిది అని చెప్పాను. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చాను. సున్నం ముక్కులోకి పోయింది.

నేను తుమ్ముతూండగా అంగన్‌వాడీ ఆయాగారు వచ్చింది. పాతికమందికీ వండిపెట్టే మనిషి. అప్పటిదాకా అద్దె వసారాలో వంట చేస్తోంది. మూడు ముగ్గుల్నీ చూసి, మొదట గీసిందేదో చెప్పమంది. చూపించాను. వెళ్లి పిల్లల్ని కంచాలతో సహా తోలుకొచ్చి, ఆ గీతల్లో ఎదురెదురుగా రెండు బంతులు కూర్చోబెట్టింది. పప్పు గిన్నె చంకనెత్తుకుని మధ్యలో నడుస్తూ వడ్డించింది. ఒక్క కంచం కాలికి తగల్లేదు. వడ్డన అయ్యాక చివర తనూ చతికిలబడి, గేదెల చావిడి ఆవిడ వైపు తిరిగి, "ఇంకేటి కావాల వదినా, నువ్వూ వస్తావా బంతికి? చోటుంది" అంది.

అప్పుడు చూశాను. గది పెద్దదైంది. నవ్వుకుంటూనే సంతకాలు పెట్టారు, మొదటి సంతకం గేదెలావిడది. నాకు మాత్రం మేస్త్రి మీద అనుమానమొచ్చి, ముగ్గులో గది ఇలా కనబడుతుందని తెలుసా భాయ్ అనడిగాను.

"ముగ్గులో ఎప్పుడూ చిన్నదేనండీ. గోడ లేస్తే పెద్దదవుద్ది."

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"సంచీడు సామాను ఇచ్చినోళ్లు ఈ ముక్క చెప్పరా అనుకున్నానండీ."

మరుసటేడు కొత్త ఫెలోల కోసం సంస్థ ఒక పుస్తకం వేసింది. అందులో 'కూర్చోబెట్టి చూసే పద్ధతి' అని బొమ్మతో సహా ఒక పేజీ, కింద నా పేరు. ఆయాగారికి చూపించడానికి పట్టుకెళ్లాను. తనెక్కడుందని అడిగింది. పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ కాబట్టి మనుషులంతా గుండ్రాలే. మూలనున్న గుండ్రం మీద వేలుపెట్టాను. కాసేపు చూసి, కింద నా పేరు కూడబలుక్కుని చదివి, "పోన్లే బాబూ, నీకు ఉద్యోగానికి పనికొస్తది" అంది.

పనికొచ్చింది. ఆవిడ పేరూ వేయమని సంస్థకి చెప్పాలని బస్సులో విజయవాడ దాకా అనుకుంటూనే వచ్చాను, చెప్పలేదు. అప్పటి నేనైన ఆ కుర్రాడి మీద ఇప్పుడు నాకు కోపం రాదు. ఇప్పటికీ ఎక్కడ ముగ్గు పోయించినా, అందరికంటే ముందు నేనే వెళ్లి ఓ మూల బాసింపట్టు వేసుక్కూర్చుంటాను. కూర్చోవడం బాగానే కూర్చుంటున్నాను. లేవడానికే ఈ మధ్య ఇద్దరు కావాల్సివస్తోంది.